మూపురం మీది చుక్క

వియ్యమందకముందు ఆ ఇద్దరూ ఇరవై రెండేళ్లు ఒకే కప్పు కింద పనిచేశారు. ఆయన నేలమాళిగలో, ఆవిడ మూడో అంతస్తులో. ఇద్దరూ తేల్చాలనుకున్నది మాత్రం ఒకటే: వాయువుల్ని సూర్యుడి ఉపరితలం కన్నా ఎక్కువగా వేడిచేస్తే అవి ఏం చేస్తాయి అన్నది. అంతరిక్షం నుంచి దిగి వచ్చే వాహనాల ముందు గాలి అంతగా వేడెక్కుతుంది గనక ఆ సంగతి ఎవరో ఒకరు తెలుసుకోక తప్పదు. ఆయన నిజంగా వేడిచేసి చూసేవాడు. ఆవిడ సూపర్ కంప్యూటర్ మీద లెక్కకట్టి చూసేది. పేచీ అంతా అక్కడే.

ఆయన్ని ఆ పరిశోధన సంస్థలో పిడుగుగారు అనేవారు. నేలమాళిగలో ఆయనకి పన్నెండు గజాల ఉక్కు గొట్టం ఒకటుంది. దాని నడుమ పల్చటి లోహపు రేకు బిగించి, ఒక పక్క వాయువు కుక్కితే, రేకు చిరిగి, ఆ తాకిడి రెండో పక్కనున్న వాయువు మీద పడి, చివరి గోడకి కొట్టుకుని, రెప్పపాటులో వందోవంతు సేపు వేల డిగ్రీల వేడి పుట్టేది. ఉదయం పదకొండింటికి ఢామ్మని చప్పుడయ్యేది. మూడో అంతస్తులో లెక్కలావిడ బల్ల మీద కప్పు గలగలమనేది. లెక్కలావిడ అన్న పేరు కూడా సంస్థ పెట్టిందే. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"పొయ్యి వెలిగించకుండా వంటచేసే మనిషి" అని ఆయన ఆవిడ గురించి అనేవాడు. "తలుపు బద్దలుకొట్టి ఇంట్లో ఎవరున్నారో చూసే మనిషి" అని ఆవిడ ఆయన గురించి అనేది. ఈ మాటలు క్యాంటీనులో ఒకరి నుంచి ఒకరికి చేరేవి. చేరేలాగే ఇద్దరూ కాస్త గట్టిగా అనేవారు.

అలా ఉండగా ఆవిడ కూతురికి చెవిలో నీళ్లు పోయాయి. ఆ పిల్ల ఈత నేర్పే టీచరు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టు రాలేదు, ఆర్నెల్లలో ఆ డాక్టర్నే పెళ్లి చేసుకుంటానంది. డాక్టరు ఎవరయ్యా అంటే పిడుగుగారి ఒక్కగానొక్క కొడుకు. తండ్రి చెడగొట్టిన చెవుల్ని బాగుచెయ్యడానికే ఆ చదువు చదివాడని సంస్థలో చెప్పుకునేవారు.

"ఊళ్లో ఇంకెవరూ దొరకలేదుటే నీకు?" అంది లెక్కలావిడ.

"చెవిలో దీపం పెట్టి చూస్తున్నవాణ్ని మీ నాన్నగారెవరండీ అని అడుగుతామా అమ్మా?" అంది కూతురు.

పెళ్లయింది. దాంతో వచ్చిపడింది చిక్కు. నిన్నటిదాకా క్యాంటీనులో ఉప్పూ నిప్పూలా ఉన్నవాళ్లు ఇవాళ వియ్యాలవారు. మర్యాదలు జరగాలి. ఆయన ఆవిడని "చెల్లెమ్మగారూ" అనాలి, ఆవిడ ఆయన్ని "అన్నయ్యగారూ" అనాలి. పోట్లాట ఆగిందా అంటే ఆగలేదు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది, అంతే. "చెల్లెమ్మగారు ఏమనుకోనంటే ఒక మాట" అని ఆయన మొదలుపెడితే పక్కనున్నవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కునేవారు.

ఆ ఏడు ఇద్దరికీ ఒకే రోజున ఒకే ఉత్తరం వచ్చింది. వేడి వాయువుల ప్రామాణిక పట్టికను ముప్ఫై ఏళ్ల తరవాత మళ్లీ అచ్చువేస్తున్నారు. నైట్రోజన్ భాగానికి కొత్త లెక్కలు ఆవిడ పంపాలి. పాత కొలతల మీద అభిప్రాయం ఆయన రాయాలి, ఎందుకంటే పాత పట్టికలో ఆ కొలతలు ఆయనవే.

అందులో ముఖ్యమైనది ఒక గీత. నైట్రోజన్ తన వేడిని ఎంత చురుగ్గా పక్కకి చేరవేస్తుందో చెప్పే గీత. వేడి పెరిగేకొద్దీ అది మెల్లగా పైకెక్కుతుంది. ఏడు వేల డిగ్రీల దగ్గర్లో నైట్రోజన్ పరమాణువులు, అప్పటిదాకా జంటలుగా తిరిగేవి, విడిపోవడం మొదలుపెడతాయి. ఇక్కడ విడిపోయి, కాస్త చల్లటి చోట మళ్లీ కలుసుకుని, ఆ రాకపోకల్లో బోలెడు వేడి మోసుకుపోతాయి. అందుకని అక్కడ గీత ఎద్దు మూపురంలా ఉబికి, తరవాత దిగుతుంది. మూపురం ఎంత ఎత్తన్నదే అందరికీ కావలసింది. పిడుగుగారి చుక్కలు ఏడు: ఇటు వాలు మీద మూడు, అటు వాలు మీద మూడు, మూపురం కొసన ఒకటి.

లెక్కలావిడకి సూపర్ కంప్యూటర్ మీద పదకొండు రోజులు కేటాయించారు. రెండు అణువులు ఢీకొంటే ఏమవుతుందో, ఎంత జోరుగా, ఏ కోణంలో, ఏ స్థితిలో ఉండగా ఢీకొంటే ఏమవుతుందో, అలా కోట్ల కోట్ల ఢీలు లెక్కగట్టింది ఆ యంత్రం. పన్నెండోరోజు పొద్దున్న గీత తెర మీదకి వచ్చింది. ఆవిడ పిడుగుగారి చుక్కల్ని దాని పక్కన పెట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలి, ఆదివారం ఎప్పుడొస్తుందా అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లల ఇంట్లో అందరికీ భోజనం. అల్లుడు వడ్డిస్తున్నాడు. పిడుగుగారు, పక్కన ఆయన భార్య. ఆవిడ పెళ్లికి ముందు పిడుగుగారి దగ్గరే టైపిస్టు. పెళ్లయ్యాక ఇంట్లో ఆయన చెప్పేవి వింటూ, అవసరమైనవి మాత్రమే గుర్తుపెట్టుకుంటూ వస్తోంది.

"అన్నయ్యగారూ, మీకో మంచి కబురు" అంది లెక్కలావిడ. "మూపురం కొసన మీ చుక్క మీంచే నా గీత వెళ్లింది. వెంట్రుకవాసి తేడా లేదు."

"అలాగా" అన్నాడు పిడుగుగారు.

"వాలు మీద ఆరు చుక్కలు మాత్రం నా గీతకి ఎనిమిది శాతం పైన వేలాడుతున్నాయి. పాపం వయసులో ఉన్న చెయ్యి కదా, కాస్త బరువుగా పడి ఉంటుంది."

ఇంకో రోజైతే దీనికి జవాబు అన్నం కలిపేలోపు వచ్చేది. ఆ రోజు ఆయన కంచంలోకి చూస్తూ, "మంచినీళ్లు ఇటు జరుపు" అన్నాడు.

"నాన్నా, వినపడిందా?" అన్నాడు కొడుకు వృత్తిధర్మంగా.

"వినపడింది. కొసన కలిసిందిట, సంతోషం."

గెలుపు అంత చప్పగా ఉంటుందని లెక్కలావిడ ఎన్నడూ అనుకోలేదు. తరవాతి నాలుగు రోజులూ పిడుగుగారు క్యాంటీనుకి రాలేదు. పదకొండింటికి కప్పు గలగలమనలేదు. ఇరవై రెండేళ్లుగా విసుక్కున్న చప్పుడు లేకపోతే ఆవిడకి పదకొండయిందని కూడా తెలియక, తాగవలసిన టీ తాగడం మరిచిపోయింది. తను అన్న మాట ఎక్కడైనా తగిలిందేమో అనుకుంది. ఆ వయసు మాట అనకుండా ఉండాల్సింది. సాయంత్రం అయిదింటికి వియ్యంకుడు ఇంట్లో ఉండడని చూసుకుని, వియ్యపురాలి దగ్గరికి వెళ్లింది.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది.

"మీ అన్నయ్యగారు అలిగారని వచ్చారా వదినగారూ?" అంది తలెత్తకుండా. "ఆయన అలగలేదు. అలిగితే నాకు హాయిగానే ఉంటుంది, మాట్లాడరు. ఇప్పుడు ఇంట్లో ఉన్నంతసేపూ పాత నోటుపుస్తకాలు వెతుకుతూ, అది కనపళ్లేదు, ఇది కనపళ్లేదని నా ప్రాణం తీస్తున్నారు."

"నేనేమన్నా ఎక్కువ మాట్లాడానా?"

"మీరు మామూలుగానే మాట్లాడారు. కొస చుక్క కలిసిందన్నారు చూడండి, అదీ ఆయన బాధ." దారం పళ్లతో తెంపింది. "ఆ పట్టిక టైపు చేసింది నేనే కదా. ఆరు అంకెలు మామూలుగా ఉన్నాయి. ఏడోదాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది. అదీ కొట్టమంటారా అని అడిగాను. ఆ రోజు రేకు వంకరగా చిరిగిందిట, కొలత మీద ఆయనకే నమ్మకం లేదుట. మళ్లీ చేద్దామంటే గొట్టం మరమ్మతుకి వెళ్లింది. పట్టికలో ప్రశ్నార్థకాలు బాగుండవు, తీసెయ్యి అన్నారు. నా మీద మనసుపడ్డ కొత్త రోజులవి. నేనూ ఎదురుచెప్పలేదు."

లెక్కలావిడకి మొదట నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్లుగా దేశదేశాల వాళ్లు తమ గీతల్ని ఆ చుక్క మీంచి గీసుకున్నారు. ఇంత మంచి ఆయుధం చేతికి దొరుకుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఇంటికి వెళ్లే బస్సులో, ఆదివారం దాన్ని ఏ మాటతో మొదలుపెట్టాలా అని నాలుగు రకాలుగా అనుకుని చూసుకుంది. అయిదో రకం అనుకుంటుండగా నవ్వు ఆగిపోయింది.

ఆ చుక్క తప్పయితే, తన గీత సరిగ్గా ఆ చుక్క మీంచే ఎలా వెళ్లింది? ఆరు మంచి చుక్కల్నీ వదిలేసి, ఒక్క చెడ్డదాన్నే వెంట్రుకవాసి తేడా లేకుండా ఎలా పట్టుకుంది?

మర్నాడు గది తలుపు వేసుకుని తన ప్రోగ్రాం మొత్తం మొదటి వరస నుంచి చదివింది. అది ఆవిడ చేరిన కొత్తలో రాసింది. తరవాత ఎందరో చేతులు పెట్టారు గానీ పునాది ఆవిడదే. మధ్యాహ్నం రెండు దాటాక, విడిపోయిన పరమాణువు జంటగా ఉన్న అణువుని ఢీకొనే చోట, ఒక అంకె కనిపించింది. ఒకటి పాయింటు సున్నా ఎనిమిది. వచ్చిన జవాబునల్లా దానితో హెచ్చవేస్తోంది ప్రోగ్రాం. ఢీలు ఎక్కువైతే వేడి నడక మందగిస్తుంది, గీత ఆ మేరకు కిందికి దిగుతుంది. పక్కన తను రాసుకున్న మాట: "పట్టికతో కలవడానికి. తరవాత చూడాలి."

ఆ తరవాత రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ రోజుల్లో యంత్రాలు చిన్నవి. ఆ ఢీని పూర్తిగా లెక్కకట్టే శక్తి వాటికి లేదు. అందుకని పట్టికలో కొస చుక్కకి సరిపోయేలా ఒక అంకె దోపింది. ఇప్పటి యంత్రానికి ఆ దోపుడు అక్కర్లేదు. కానీ తియ్యాలని ఎవరికీ గుర్తులేదు, మరీ ముఖ్యంగా తనకి. కొలతల మొహం చూడని స్వచ్ఛమైన లెక్క అని తను ఇన్నాళ్లూ చెప్పుకున్నది పిడుగుగారి ప్రశ్నార్థకం భుజం మీద చెయ్యేసి నడుస్తోంది.

ఒక పూటంతా ఆవిడ ఆలోచించింది. అంకె తీసేసి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. గది బయట ఎవరైనా గట్టిగా నవ్వితే మాత్రం తన గురించేమో అనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, క్యాంటీను పిల్ల "ఇవాళ ఒకటేనా అమ్మా?" అని టీ గురించి అడిగితే ఉలిక్కిపడింది. సాయంత్రానికి ఇక లాభం లేదనుకుని, ప్రోగ్రాంలో ఆ పేజీ కాగితం మీద అచ్చుతీసుకుని, నేలమాళిగకి దిగింది. ఇరవై రెండేళ్లలో ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి.

పిడుగుగారు గొట్టం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో అట్టలు ఊడిన నోటుపుస్తకం.

"రండి చెల్లెమ్మగారూ. తల జాగ్రత్త, పైపు ఉంది" అన్నాడు. "నేనే పైకి వద్దామనుకుంటున్నాను. మీకో సంగతి చెప్పాలి."

"నేను ముందు చెప్తాను."

"పెద్దవాణ్ని, నన్ను చెప్పనివ్వండి. ఆ కొస చుక్క..."

"ప్రశ్నార్థకం సంగతేనా? అది నాకు తెలుసు."

పిడుగుగారు నోటుపుస్తకం మూశాడు. "గుండీలు కుట్టేటప్పుడు చెప్పిందా?"

"ఆవిణ్ణేం అనకండి. ముందు ఇది చూడండి" అని కాగితం ఇచ్చింది.

ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. రెండోసారి చదివాడు. పక్కన రాసిన మాట దగ్గర వేలు ఆపాడు. ఆవిడ గొట్టం మీద బిగించిన బోల్టులు లెక్కపెడుతూ నిలబడింది. పద్నాలుగు దాకా వచ్చాక ఆయన నోరు విప్పాడు.

"అంటే, ఇరవై ఏళ్లుగా నా భుజం మీద ఆనుకుని నిలబడి, వీడికి నిలబడటం చేతకాదని ఊరంతా చెప్తున్నారన్నమాట."

"అన్నమాటే."

"ఆ భుజం కూడా గట్టిది కాదు."

"కాదు."

"పోనీలెండి, ఒకరికొకరం సరిపోయాం" అన్నాడు. ఆ తరవాత కాసేపు ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు గొట్టం చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. నవ్వు ఆగాక ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "ఆదివారం మీరు కలిసిందంటే నిజంగానే కలిసిందేమో అనుకున్నాను. ఆ చుక్క మంచిదే, నేనే ఊరికే అనుమానపడ్డాను అనుకుందామనిపించింది. అన్నం తిన్నంతసేపూ అలా అనుకుని చూశాను. కుదర్లేదు."

అలా కుదరకపోయినందుకే ఆ మనిషి మీద గౌరవం కలిగిందని ఆవిడ చెప్పొచ్చు. ఇన్నేళ్ల అలవాటు అడ్డొచ్చింది. "ఈ పైపు కాస్త పైకి కట్టించకూడదూ, ఎవరి తలైనా పగులుతుంది" అంది.

అంకె తీసేసి మళ్లీ లెక్కకట్టాలంటే యంత్రం కావాలి. ఆవిడ పదకొండు రోజులూ అయిపోయాయి. అందరితోపాటు వరసలో నిలబడాలి. ముందు వాతావరణం వాళ్లు, వాళ్ల వెనక మందుల పరిశోధన వాళ్లు. ఆవిడ వంతు మూడు వారాలకి వచ్చింది. ఆ రోజు యంత్రం చూస్తానని పిడుగుగారు కూడా వచ్చాడు. మనిషెత్తు నల్లటి అల్మారాలు బారులు తీరి హోరుమంటున్నాయి. ఆయన ఒక బారు వెనక్కి వెళ్లి, అక్కడ నుంచి కొడుతున్న గాలికి అరచెయ్యి అడ్డంపెట్టాడు.

"ముప్ఫై ఎనిమిది డిగ్రీలు ఉంటుందేమో" అన్నాడు. "ఇంతకాలానికి మీ దగ్గర ఒక వేడి వాయువు కనిపించింది చెల్లెమ్మగారూ. సంతోషం."

యంత్రాన్ని చూసుకునే ఆపరేటరు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఈసారి ఆ ఒక్క రకం ఢీలే గనక అయిదోరోజుకి కొత్త గీత వచ్చింది. వాలు మీది ఆరు చుక్కల్నీ ఒకటీ రెండూ శాతం తేడాతో తాకుతూ వెళ్లింది. మూపురం మాత్రం పాత చుక్కని కింద వదిలేసి ఎత్తుగా లేచింది. పిడుగుగారి చెయ్యి వయసులోనూ బరువుగా పడలేదన్నమాట. ఆవిడ ఆ సంగతి ఫోన్లో ఒకే వాక్యంలో చెప్పింది. ఆయన సరిగా వినపడలేదని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

"ఇప్పుడు కొసన నిజం చుక్క కావాలి" అన్నాడు చివరికి. "రేపు గొట్టం సిద్ధం చేస్తాను. మీరు దిగి రావాలి. రేకు మీ చేత్తోనే బిగించాలి. ఆ తరవాత నా చేతివాటం అంటే ఒప్పుకోను."

ఆవిడ దిగి వెళ్లింది. రేకు మీద నాలుగు ముక్కలుగా చిరిగేలా గాట్లు ఎలా ఉంటాయో ఆయన చూపించాడు. చివరి గోడలో గోరంత గాజుబిళ్ల మీద ప్లాటినం పూత చూపించి, వేడి ఎంతొచ్చిందో చెప్పేది అదేనన్నాడు. ఆవిడ బోల్టులు బిగించింది. ఆయన వెనకే వచ్చి ఒక్కొక్కటీ ఇంకో పావు చుట్టు తిప్పాడు. చెవులకి చప్పుడాపే మఫ్లు తగిలించుకున్నారు. మీట ఆవిడే నొక్కింది.

చప్పుడు అరికాళ్లలోంచి వచ్చింది. మూడో అంతస్తులో కప్పు గలగలమనడం ఒకటి, గొట్టం పక్కన నిలబడటం ఇంకొకటి. ఆవిడ కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది.

"ఏదీ? ఎక్కడ?" అంది మఫ్లు తీసి.

"వచ్చింది, వెళ్లింది. మీరు కళ్లు మూసుకున్నారు."

"మీరు చూశారా?"

"నలభై ఏళ్లుగా నేనూ మూసుకుంటున్నాను" అన్నాడు పిడుగుగారు.

మొదటిసారి రేకు వంకరగా చిరిగింది. ఈసారి ఇద్దరూ ఏకకంఠంగా దాన్ని కొట్టేశారు. రెండోసారి ప్లాటినం పూత పగిలింది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగోరోజు మధ్యాహ్నం రేకు పువ్వు విచ్చినట్టు నాలుగు రెక్కలుగా విడింది, పూత నిలిచింది, తెర మీద గీత వణక్కుండా లేచింది. వెంటనే నమ్మకుండా ఇంకో రెండుసార్లు చేశారు. మూడూ ఒకే చోటికి వచ్చాయి. పిడుగుగారు లెక్క వేసి, కాగితం ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడ మూపురం కన్నా మూడు శాతం తక్కువ.

భోజనం డబ్బాలు ఖాళీ అయ్యాయో లేదో చూసి పట్టుకెళ్దామని అప్పుడే వచ్చిన టైపిస్టు వియ్యపురాలు మెట్ల దగ్గర ఆగి, "ఏమైంది? మంచిదా, చెడ్డదా?" అని అడిగింది.

"చాలా మంచిది" అంది లెక్కలావిడ. ఆవిడ మనసు నిజంగానే నిండిపోయి ఉంది. ఒకరు లెక్కలోనూ ఒకరు ఉక్కులోనూ వేర్వేరు దారుల్లో వెళ్లి ఇంత దగ్గరికి రావడం ఆ వృత్తిలో రోజూ జరిగేది కాదు. "మూడు శాతమే తేడా."

"ఆ మూడు శాతం చెల్లెమ్మగారి లెక్కలోది" అన్నాడు పిడుగుగారు మర్యాదగా.

"అబ్బే, అది అన్నయ్యగారి గొట్టానిది."

"మీరు పెద్ద యంత్రం గలవారు. మూడు శాతం మీకో లెక్కా? మీరే ఉంచుకోండి."

"మీ ఇంటి సొత్తు మేం తీసుకుంటే ఏం బాగుంటుందండీ? మీ దగ్గరే ఉండనివ్వండి."

వియ్యపురాలు ఇద్దర్నీ చెరో క్షణం చూసి, డబ్బాలు సంచిలో సర్దుకుని, తాళంచెవి తీసుకుంది. "దారిలో తేల్చుకోండి. నేను దీపాలు ఆర్పేస్తున్నాను" అంది. వాళ్లు మెట్లెక్కుతూ కూడా ఆ మూడు శాతాన్ని ఒకరికొకరు వడ్డించుకుంటూనే ఉన్నారు.